ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ఆర్ట్ మ్యూజియంలో ఇప్పుడేం నడుస్తోంది? పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చా?

వాణి_వెస్ట్‌విండ్సర్

అందరికీ నమస్తే. మా అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడి, రాబిన్స్‌విల్ అక్షరధామ్, నయాగరా, లిబర్టీ విగ్రహం, అందరూ చూపించేవన్నీ చూపించేశాం. ఇప్పుడు వీకెండ్ వస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలో తోచక కాస్ట్‌కోకి తీసుకెళ్తున్నాం, నాన్నకి అదే ఎక్కువ నచ్చినట్టుంది కూడా. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో కొత్త మ్యూజియం కట్టారని, టికెట్ లేదని విన్నాను. ఎవరైనా వెళ్ళారా? ప్రస్తుతం ఏ ప్రదర్శనలు ఉన్నాయి? నాన్న ఎక్కువసేపు నడవలేరు, అమ్మకి బొమ్మలంటే ఇష్టమే కానీ మోడర్న్ ఆర్ట్ అనగానే నిద్రొస్తుంది, మా బాబుకి ఎనిమిదేళ్ళు. ఈ ముగ్గురికీ సరిపడేది ఏమైనా ఉంటుందా?

ఎడిసన్_బాబాయ్

ఉంటుందమ్మా, నిక్షేపంగా వెళ్ళు. ఎవరికైనా ఎప్పుడైనా ఫ్రీ, వాళ్ళ స్టూడెంట్లకే కాదు. పాత భవనాన్ని 2021లో పడగొట్టి అదే స్థలంలో కొత్తది కట్టారు, 2025 అక్టోబరు 31 సాయంత్రం అయిదింటికి తలుపులు తీసి మర్నాడు సాయంత్రం దాకా రాత్రంతా మూయకుండా ఉంచారు. నేను ఆ రోజు అర్ధరాత్రి వెళ్ళాను, రిటైరయ్యాక నిద్ర ఎలాగూ పట్టదు కదా. హాలోవీన్ కావడంతో దెయ్యం వేషాల్లో పిల్లలు, ఒక కుర్రాడు అస్థిపంజరం డ్రెస్సులో చేతులు వెనక్కి కట్టుకుని ఫ్రెంచి చిత్రకారుడు మోనే వేసిన తామరపూల బొమ్మ ముందు అలా నిలబడిపోయి ఉన్నాడు. ఆ బొమ్మ 1899లో వేసింది, జపనీస్ వంతెన, కింద చెరువు, ఇంతా అంతా పచ్చదనం కాదు. మీ అమ్మగారికి అది తప్పకుండా చూపించు.

మీ నాన్నగారి విషయం చెప్తా. పాత బిల్డింగులో ఆసియా, ప్రాచీన అమెరికా వస్తువులన్నీ కింది అంతస్తులో ఉండేవి, యూరప్ బొమ్మలు పైన. ఇప్పుడు గ్యాలరీలు దాదాపు అన్నీ రెండో లెవెల్ మీదే పెట్టారు, లిఫ్ట్ ఎక్కితే చాలు. ఎవరి దేశం పైన, ఎవరి దేశం కింద అనే పేచీ ఉండకూడదని కావాలనే అలా చేశారట. నాకది బాగా నచ్చింది, మోకాళ్ళకి ఇంకా బాగా నచ్చింది.

రాత్రిషిఫ్ట్

గంటన్నర డ్రైవ్ చేస్తే న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియం, అదే మెట్, ఉంది కదా బాబాయ్, ప్రపంచంలో ఉన్నదంతా అక్కడే ఉంటే ఈ కాలేజీ మ్యూజియం ఎందుకు? పైగా బయట నుంచి చూశాను, కాంక్రీటు దిమ్మలు పేర్చినట్టుంది. ఆ కాంపస్‌లో పాత రాతి భవనాల మధ్య అది అస్సలు నప్పలేదు నా మటుకు.

ఎడిసన్_బాబాయ్

మెట్‌కి న్యూజెర్సీ వాళ్ళం మామూలు టికెట్ మనిషికి 30 డాలర్లు కట్టాలి, నీకు తెలుసో లేదో. ఎంతోకొంత ఇచ్చి వెళ్ళే వెసులుబాటు న్యూయార్క్ రాష్ట్రం వాళ్ళకి, మన వైపు స్టూడెంట్లకి మాత్రమే. దాని మీద వంతెన టోలు, కంజెషన్ టోలు, పార్కింగు. అంత పెట్టాక మనిషి ఊరుకుంటాడా, డబ్బులు గిట్టాలని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈజిప్టు నుంచి అమెరికా దాకా పరిగెడతాడు, చివరికి కాళ్ళనొప్పులు తప్ప ఏమీ గుర్తుండదు. ఇక్కడ నాలుగు వస్తువులు చూసి ముప్పావుగంటలో బయటికొచ్చేయొచ్చు, ఎవరికీ నష్టం లేదు, మళ్ళీ వారం ఇంకో నాలుగు. నేను అలాగే చూస్తున్నాను.

పెన్నేటి_పిల్ల

అక్కడే చదువుతున్నాను కాబట్టి నేను చెప్తాను. రాత్రిషిఫ్ట్ గారూ, బయట నుంచి నాకూ మొదట అలాగే అనిపించింది. రాయి కలిపిన కాంక్రీటు, మధ్యలో కంచు పలకలు, తొమ్మిది పెద్ద పెట్టెలు ఒకదానికొకటి ఆనించినట్టుంటుంది. కానీ లోపలికి రండి. పైన కలప దూలాలు కనిపిస్తాయి, వెలుతురు మెత్తగా పడుతుంది. ఇంకో సంగతి, ఆ భవనం మధ్యలోంచి దారులు వేశారు, గ్యాలరీలు మూసి ఉన్నప్పుడు కూడా కాంపస్‌లో ఇటు నుంచి అటు పోయేవాళ్ళు అందులోంచే నడిచి పోవచ్చు. నేను క్లాసుకి ఆలస్యమైనప్పుడు అదే అడ్డదారి, పరిగెత్తుతూ కూడా గాజు వెనకాల ఏదో ఒకటి కంట పడుతుంది. ఆర్ట్ చూడాలని బయల్దేరని వాళ్ళకి కూడా ఆర్ట్ తగలాలనే ఉద్దేశం, అది మాత్రం పనిచేస్తోంది.

ఇప్పుడు నడుస్తున్నవి చెప్తాను. టోషికో టకాయెజు సెరామిక్స్ ప్రదర్శన ఒకటి, మ్యూజియం తెరిచిన రోజు నుంచీ ఉంది, 2026 జూలై మొదటి వారం దాకా ఉంటుంది. విల్లెమ్ డి కూనింగ్ ప్రదర్శన ఇంకోటి, 1945 నుంచి 1950 దాకా ఆయన వేసినవి, అదీ జూలైలోనే అయిపోతుంది. మ్యూజియం తెరవబోతోందని దాతలిచ్చిన వాటిలోంచి ఏరి ఒక ప్రదర్శన పెట్టారు, అది మార్చితో అయిపోయింది. ఇవి కాక ఎప్పుడూ ఉండేవి ఎలాగూ ఉన్నాయి. మొత్తం సేకరణ లక్షా పదిహేడు వేలకి పైనే, అన్నీ బయట పెట్టరు లెండి.

వాణి గారూ, మీ బాబుకి ఒకటే చెప్తాను, మిగతావి తర్వాత. 'ప్రిన్స్‌టన్ వేజ్' ఎక్కడ అని గార్డుని అడగండి. జానెడు ఎత్తు మట్టి గ్లాసు, ఇప్పటి గ్వాటెమాలా ప్రాంతంలో మాయా నాగరికత వాళ్ళు క్రీ.శ. 670, 750 మధ్య చేసింది. దూరం నుంచి చూస్తే ఏముందిలే అనిపిస్తుంది, ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరికెళ్ళాలి. ఒక ముసలి దేవుడు గద్దె మీద కూర్చుని ఎదురుగా ఉన్నావిడ చేతికి కంకణం కడుతుంటాడు. మొత్తం అయిదుగురు ఆడవాళ్ళు. వెనక నిలబడ్డావిడ చాక్లెట్ పానీయాన్ని నురగ రావడానికి పై నుంచి కింద గిన్నెలోకి సన్నటి ధారగా పోస్తోంది, అచ్చం మన టీ కొట్టు వాడు తిరగబోసినట్టు. గద్దె కింద ఒక కుందేలు కూర్చుని చిరుత తోలు అట్ట వేసిన పుస్తకంలో శ్రద్ధగా ఏదో రాసుకుంటోంది. ఇంకో వైపు ముసుగులు తొడుక్కున్న ఇద్దరు గొడ్డళ్ళతో కట్టేసిన మనిషి తల తీస్తున్నారు, ముసలాయనకి అదేం పట్టలేదు. కూర్చున్న ఆడవాళ్ళలో ఒకామె మాత్రం పక్కామె పాదం తట్టి అటు చూడవే అంటున్నట్టుంటుంది. పదమూడు వందల ఏళ్ళ నాటి గ్లాసు మీద ఆ పాదం తట్టడం చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

వాణి_వెస్ట్‌విండ్సర్

తల నరకడం అన్నారు, మా వాడికి ఇంకేం కావాలి, రేపే వెళ్దామంటున్నాడు. థాంక్స్ అండీ.

కుమ్మరివీధి

టకాయెజు గురించి ఎవరూ ఎక్కువ చెప్పలేదు కాబట్టి నేను కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికుంటే చదవండి. మా తాతది కుండల పని, రాజమండ్రి దగ్గర. నేను సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేశాను, సారె తిప్పడం చిన్నప్పుడు ఆటగా తప్ప రాదు. కానీ మట్టి పని ఎక్కడ కనిపించినా కాళ్ళు ఆగిపోతాయి.

ఈవిడ 1922లో హవాయిలో పుట్టింది, తల్లిదండ్రులు ఓకినావా నుంచి వలస వచ్చినవాళ్ళు. ప్రిన్స్‌టన్‌లో 1967 నుంచి 1992 దాకా పాఠాలు చెప్పింది. న్యూజెర్సీలోనే క్వేకర్‌టౌన్‌లో ఇల్లు, స్టూడియో, బట్టీ. అంటే మన పక్క ఊరి మనిషి అన్నమాట, 2011లో పోయింది. ఈ ప్రదర్శన ఆ మ్యూజియంలో మొదటివాటిలో ఒకటిగా పెట్టడానికి అదే కారణం అయ్యుంటుంది.

ఈవిడ గొప్పతనం మూసేసిన కుండలు. మూతి ఉండదు. కింద నుంచి లేపుకుంటూ వచ్చి పైన కలిపేస్తుంది, చివర చిన్న బొడిపె, దానికి సన్నటి రంధ్రం. మట్టి పని తెలిసినవాళ్ళకి ఆ రంధ్రం ఎందుకో వెంటనే అర్థమవుతుంది, లోపల గాలి ఆవిరి బయటికి పోయే దారి లేకపోతే బట్టీలో కుండ పేలిపోతుంది, పక్కనున్నవాటిని కూడా తీసుకుపోతుంది. కుండంటే నీళ్ళో బియ్యమో పోసుకునేదే కదా, ఏమీ పోయడానికి వీల్లేని కుండ చేసి, ఆ బయటి ఒంటి మీద రంగులు పోసింది. పోసింది అంటే నిజంగానే పోయడం, కుండ చుట్టూ తిరుగుతూ గ్లేజు (కాల్చాక మెరిసే పూత) పోస్తూ, కుంచెతో విసురుతూ. అందుకే ఒక వైపు నుంచి చూసి వచ్చేస్తే సగమే చూసినట్టు, చుట్టూ తిరగాలి. నీలం ఎక్కడ మొదలైంది, ఎక్కడ కారి ఆగిపోయింది, వెనక వైపు గులాబీ రంగు ఎందుకొచ్చింది, అదంతా తిరిగితేనే తెలుస్తుంది.

ఇంకో తమాషా ఉంది. మూసేసే ముందు చిన్న మట్టి ఉండని కాగితంలో చుట్టి లోపల వేసేది. కాగితం వల్ల తడి మట్టికి అంటుకోదు, బట్టీలో కాగితం కాలిపోతుంది, ఉండ కాలి గట్టిపడి లోపల దొర్లుతుంది. అందువల్ల కుండని కదిపితే మోగుతుంది. అన్నిట్లోనూ కాదు కానీ చాలావాటిల్లో. ఇప్పుడు నా బాధంతా ఏంటంటే, మోగే కుండలు గది నిండా పెట్టి ముట్టుకోవద్దు అని బోర్డు పెట్టడం. నాకు అర్థమవుతుంది, రోజూ వందలమంది కదిపితే ఏమవుతుందో. అయినా చెవికి చేసిన పనిని కళ్ళతో చూసి రావాల్సి వచ్చినందుకు మనసు పీకుతుంది.

వంట చేయడం, కూరగాయలు పండించడం, కుండలు చేయడం ఈ మూడూ తనకి వేరు వేరు కాదనేదట. మా నాయనమ్మకి ఈ మాట చెప్తే, అందులో కొత్తేముంది, నేనూ మూడూ చేశానుగా, నా ఫొటో పెట్టలేదేం అంటుంది.

ఎడిసన్_బాబాయ్

కుమ్మరివీధీ, బ్రహ్మాండంగా రాశావు నాయనా. ముట్టుకోవద్దనే బాధకి చిన్న విరుగుడు ఉంది. టకాయెజు చేసిన కంచు గంట ఒకటి అదే కాంపస్‌లో ఆరుబయట ఉంది, నాసో హాల్ దగ్గర తోటలో, పేరు 'రిమెంబరెన్స్'. 2001 సెప్టెంబరు 11న చనిపోయిన ప్రిన్స్‌టన్ పూర్వ విద్యార్థులు పదముగ్గురి జ్ఞాపకార్థం పెట్టారు. మ్యూజియం నుంచి రెండు నిమిషాల నడక. అక్కడ గాజు పెట్టె లేదు, గార్డు లేడు.

చిన్నా_డాలస్

మా ఊళ్ళోనూ ఉన్నాయి యూనివర్సిటీ మ్యూజియాలు, ఇక్కడ సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ వాళ్ళ మెడోస్‌లో స్పానిష్ బొమ్మలు బోలెడు. దిగువన ఆస్టిన్‌లో బ్లాంటన్ ఉంది, టెక్సస్ యూనివర్సిటీది. అక్కడ ఎల్స్‌వర్త్ కెల్లీ డిజైన్ చేసిన తెల్ల రాతి కట్టడం ఒకటుంది, పేరే 'ఆస్టిన్', 2018లో తెరిచారు, అప్పటికి ఆయన పోయి రెండేళ్ళు దాటింది. లోపల ఏమీ ఉండదు, రంగు గాజు కిటికీలు, నలుపు తెలుపు పాలరాతి పలకలు, ఒక కొయ్య స్తంభం. మధ్యాహ్నం వెళ్తే గోడల మీద రంగులు జరుగుతూ ఉంటాయి. మా అమ్మ అక్కడే అరగంట కూర్చుంది, గుడిలో కూర్చున్నట్టుందిరా అంది. కాబట్టి వాణి గారూ, పెద్దవాళ్ళకి నచ్చదేమో అని ముందే అనేసుకోకండి.

రాత్రిషిఫ్ట్

సరే వెళ్ళాను. ఇంత మంది చెప్తుంటే ఆదివారం వెళ్ళొచ్చాను. కుండలు సరే బాగున్నాయి. కాంక్రీటు మీద నా మాట మార్చుకోను. కానీ డి కూనింగ్ గదిలో ఇరుక్కుపోయాను, ఎవరైనా వివరించండి. నలుపు, తెలుపు, మళ్ళీ నలుపు. ఒక బొమ్మ పేరు 'బ్లాక్ ఫ్రైడే', పేరు చూసి టీవీల సేల్ గుర్తొచ్చింది నాకు, సారీ. పావుగంట చూస్తే అందులో ఏవో శరీరాల లాంటివి, చెయ్యో తొడో, ఇంటి గోడో, కనపడతాయి, పోతాయి. ఇది బాగుందో లేదో కూడా తెలియడం లేదు. కానీ పక్కనున్న ప్రకృతి దృశ్యాల దగ్గర రెండు నిమిషాలు కూడా నిలబడలేదు నేను, దీని దగ్గర పావుగంట నిలబడ్డాను, అదేంటి మరి?

పెన్నేటి_పిల్ల

ఆ 'బ్లాక్ ఫ్రైడే' 1948లోది, మ్యూజియం సొంత సేకరణలోదే. ఆయన తొలి సోలో షో ఆ సంవత్సరమే న్యూయార్క్‌లో ఎగన్ గ్యాలరీలో జరిగింది, అప్పటికి వయసు నలభై దాటింది. చేతిలో డబ్బు లేక, ఖరీదైన ఆయిల్ రంగులు కొనలేక, ఇళ్ళకి వేసే చవక ఎనామెల్ నలుపు తెలుపు డబ్బాలతో వేశాడని చెప్తారు. ఎనామెల్ పల్చగా జారుతుంది కదా, ఆ గీతలు అంత వేగంగా ఉండటానికి అదొక కారణం. దగ్గరికెళ్ళి అంచులు చూడండి, కారిన చోట కారినట్టే వదిలేశాడు, కొన్ని చోట్ల గీకి మళ్ళీ వేశాడు. మనిషి ఆకారం తీసేయాలా ఉంచాలా అనే కొట్లాట ఆ అయిదేళ్ళూ నడిచింది, అది పూర్తిగా తేలలేదు కాబట్టే మీరు పావుగంట నిలబడ్డారు.

ఇంకో విషయం, మీకు నచ్చుతుంది. ఈయన పుట్టింది హాలండ్‌లోని రోటర్‌డామ్‌లో. 1926లో సరుకు ఓడ ఇంజన్ రూములో దాక్కుని, కాగితాల్లేకుండా అమెరికా వచ్చేశాడు. వచ్చి మన హోబోకెన్‌లోనే ఇళ్ళకి రంగులేసే పనిలో చేరాడు. సిటిజన్‌షిప్ వచ్చింది 1962లో.

రాత్రిషిఫ్ట్

ముప్పై ఆరేళ్ళా!!! ఇన్నాళ్ళకి ఒక ఆర్టిస్టుతో నాకు చుట్టరికం కుదిరింది. నా గ్రీన్‌కార్డు క్యూలో ప్రయారిటీ డేట్ చూస్తే నాకూ అంతే పట్టేలా ఉంది. మళ్ళీ వెళ్తాను, ఈసారి ఆ నలుపుని ఇంకో కంటితో చూస్తాను.

మోడరేటర్

ఇమిగ్రేషన్ చర్చకి వేరే థ్రెడ్ ఉంది, దయచేసి అక్కడ. ఇది ఆర్ట్ థ్రెడ్.

శారద_విశాఖ

మీరంతా ఉచితం, అద్భుతం అని మురిసిపోతున్నారు, బాగానే ఉంది. అడగాల్సిన ప్రశ్న ఒకటి ఎవరూ అడగలేదు. ఆ లక్షా పదిహేడు వేల వస్తువులు ఎక్కడివి? ఎవరు ఎవరికి అమ్మారు? ఆ మాయా గ్లాసు గ్వాటెమాలా నుంచి అక్కడికి ఎలా వచ్చింది? మన చందవరం సంగతి గుర్తుందా, ప్రకాశం జిల్లా బౌద్ధ క్షేత్రం నుంచి దొంగిలించిన సున్నపురాతి ఫలకం చేతులు మారి మారి ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరింది, 2016లో తిరిగిచ్చారు. ఆ గ్యాలరీలో అది ఉన్నన్నాళ్ళూ అక్కడికి వెళ్ళినవాళ్ళు కూడా ఇలాగే ఆహా ఓహో అనుకుని ఉంటారు.

పెన్నేటి_పిల్ల

న్యాయమైన ప్రశ్నే. ప్రిన్స్‌టన్ మీద కూడా ఇది వచ్చింది. ఇటలీతో 2007లో ఒప్పందం చేసుకుని కొన్ని వస్తువులు వెనక్కి ఇచ్చారు. 2023లో మాన్‌హటన్ డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసు ఇంకొన్ని స్వాధీనం చేసుకుంది. ఇక్కడున్న ఆంటియోక్ మొజాయిక్‌ల (రంగు రాళ్ళు పొదిగిన బొమ్మల) కథ వేరు, 1930లలో ప్రిన్స్‌టన్ వాళ్ళు ముందుండి నడిపిన తవ్వకాల్లో దొరికినవి, దొరికినవాటిని తవ్వినవాళ్ళు పంచుకునే పద్ధతి అప్పుడుండేది. ఆ ఊరే ఇప్పుడు టర్కీలో ఉన్న అంటాక్యా, 2023 ఫిబ్రవరి భూకంపంలో నేలమట్టమైంది. అది తలుచుకుంటే ఇవి ఇక్కడుండటం మంచిదైందా కాదా అని నాలో నేనే కొట్టుకుంటాను. నాకు జవాబు లేదు. అక్కడికెళ్ళినప్పుడు పలక మీద కింద చిన్నక్షరాల్లో ఎవరిచ్చారు, ఎప్పుడొచ్చింది అని రాసి ఉంటుంది, అది చదవడం మాత్రం అలవాటు చేసుకున్నాను.

అన్నట్టు ఈ భవనం డిజైన్ చేసిన ఆర్కిటెక్ట్ డేవిడ్ అజాయే గురించి కూడా చెప్పాలి. ఆయన దగ్గర పనిచేసిన ముగ్గురు మహిళలు 2023లో ఆరోపణలు చేశారు, ఆయన కాదన్నాడు. కట్టడం అప్పటికే సగం పైకి లేచింది. ప్రారంభం నాటి కబుర్లలో భవనం పేరు వినపడినంతగా ఆయన పేరు వినపడకపోవడానికి అదే కారణమని కాంపస్‌లో అనుకుంటారు.

ఆక్స్‌ఫర్డ్_అల్లుడు

శారద గారి ప్రశ్నకి మా ఊరి ఉదాహరణ. ఇక్కడి ఆష్మోలియన్ 1683లో తెరిచింది, యూనివర్సిటీ మ్యూజియాలన్నిటికీ పెద్దన్న, ఇదీ ఉచితమే. అందులో తిరుమంగై ఆళ్వార్ కంచు విగ్రహం ఉండేది, పదహారో శతాబ్దిది, చేతిలో కత్తి డాలు. 1967లో సదబీస్ వేలంలో కొన్నారు. తర్వాత ఒక పరిశోధకుడికి పాండిచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ దగ్గరున్న 1957 నాటి ఫొటో కంటపడింది, అదే విగ్రహం తమిళనాడులో తాడికొంబు సౌందరరాజ పెరుమాళ్ గుడిలో ఉంది ఆ ఫొటోలో. మ్యూజియమే ఇండియన్ హైకమిషన్‌కి కబురు పెట్టింది, 2024లో వెనక్కి ఇవ్వడానికి యూనివర్సిటీ ఒప్పుకుంది. అంటే పదేళ్ళు ముందు గుడిలో తీసిన ఒక్క ఫొటో లేకపోతే ఏమయ్యేది? మన ఊళ్ళలో గుళ్ళకి వెళ్ళినప్పుడు సెల్ఫీలు తీసుకునే బదులు ఉత్సవ విగ్రహాల ఫొటోలు పద్ధతిగా ఎవరైనా తీసి దాచిపెడుతున్నారా? మా అత్తగారి ఊళ్ళో అడిగితే పూజారి గారు నన్ను అనుమానంగా చూశారు.

శారద_విశాఖ

పూజారి గారి తప్పేం లేదు లెండి, ఫారిన్ నుంచి వచ్చి దేవుడి ఫొటో అడిగితే ఎవరైనా అనుమానిస్తారు :)

విమర్శించాను కదా అని మ్యూజియాలు వద్దంటున్నానని అనుకోకండి. కాశీకి మనవాళ్ళు వేలల్లో వెళ్తారు, బనారస్ హిందూ యూనివర్సిటీ (బీహెచ్‌యూ)లో కొత్త విశ్వనాథ మందిరం కూడా చూసి వస్తారు, అదే కాంపస్‌లో భారత్ కళా భవన్ ఉందని ఎంతమందికి తెలుసు? 1920లో రాయ్ కృష్ణదాస్ మొదలుపెట్టింది, 1950లో యూనివర్సిటీలో కలిసింది. గోవర్ధనగిరి ఎత్తిన కృష్ణుడి గుప్తుల నాటి శిల్పం ఉంది, మనిషి కంటే పెద్దది, చూస్తే కళ్ళు తిప్పుకోలేం. మొఘల్, రాజస్థానీ, పహాడీ చిత్రాలు వేలల్లో ఉన్నాయి. ఆటోవాడు అక్కడ ఆపుతానని అనడు, మనం అడగం.

వాణి_వెస్ట్‌విండ్సర్

అందరికీ అప్‌డేట్. వెళ్ళొచ్చాం, అందరి మాటా కొంచెం కొంచెం విన్నాం. పార్కింగ్ మాత్రం శనివారం నరకం, నాసో స్ట్రీట్ మీద మీటర్లు దొరకలేదు, ఊళ్ళో డబ్బులు కట్టే గ్యారేజీలో పెట్టి నడిచాం.

మా వాడికి కుందేలు దొరికింది, తల నరికేది కూడా దొరికింది, ఇంటికొచ్చి రెండూ కలిపి బొమ్మ వేశాడు, స్కూల్లో టీచరుకి చూపిస్తానంటే టెన్షన్ వచ్చింది నాకు. అమ్మ ఆ గ్లాసు ముందు చాలాసేపు నిలబడి, ఆ కుందేలు పాలవాడి లెక్క రాస్తోందా అని అడిగింది. తర్వాత నేను ఊహించనిది, ఆ కుండల గదిలో అమ్మే అందరికంటే ఎక్కువసేపు ఉంది. చుట్టూ తిరిగింది. ఎవరూ చూడకుండా చెవి దగ్గర పెట్టింది, ముట్టుకోలేదు, చెవి మాత్రమే. గార్డమ్మాయి నవ్వి ఊరుకుంది.

నాన్నకి జార్జి వాషింగ్టన్ బొమ్మ నచ్చింది, చార్లెస్ విల్సన్ పీల్ వేసింది, 1783-84. 1777లో జరిగిన ప్రిన్స్‌టన్ యుద్ధం బొమ్మ. దానికున్న ఫ్రేములో అంతకుముందు ఇంగ్లండు రాజు రెండో జార్జి బొమ్మ ఉండేదట, నాసో హాల్లో వేలాడుతుంటే యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి రాజుగారి బొమ్మ పోయిందని, ఫ్రేము మిగిలితే వాషింగ్టన్‌ని పెట్టారని చెప్తారు. పైగా ఈ బొమ్మ వేయించిన డబ్బు వాషింగ్టన్ ఈ కాలేజీకి ఇచ్చిన యాభై గినీలే (అప్పటి బంగారు నాణేలు). నాన్న అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయి, గవర్నమెంటు మారింది గానీ ఫ్రేము మార్చలేదన్నమాట, పొదుపరులు అన్నారు. ఆయన ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యారు లెండి.

డి కూనింగ్ గదిలోకి వెళ్ళలేదు, అప్పటికే ఆకలేసింది.

ఎడిసన్_బాబాయ్

చాలా సంతోషం తల్లీ. మళ్ళీ వెళ్ళినప్పుడు లోపలికి పోకుండా బయట శిల్పాలు చూపించు మీ వాడికి. హెన్రీ మూర్ చేసిన 'ఓవల్ విత్ పాయింట్స్' అని పెద్ద కంచు వంపు ఉంది, మధ్యలో పెద్ద కన్నం, పిల్లలు అందులో ఎక్కి కూర్చుంటారు. యాభై ఏళ్ళుగా స్టూడెంట్లు కూర్చుని కూర్చుని లోపలి అంచు బంగారంలా మెరుస్తోంది, మిగతాదంతా నల్లగా. పికాసో 'హెడ్ ఆఫ్ ఎ ఉమన్' కాంక్రీటుది ఇంకో పక్కన, రాత్రిషిఫ్ట్‌కి ఇష్టం ఉండదు.

రాత్రిషిఫ్ట్

పికాసో చేస్తే కాంక్రీటైనా ఒప్పుకుంటాను బాబాయ్. వచ్చే శనివారం మనవాళ్ళం నలుగురైదుగురం కలిసి వెళ్దామా? కారు తేకుండా. కుమ్మరివీధి గారు కుండల గది తిప్పాలి, పెన్నేటి గారు నాకు ఆ నలుపు బొమ్మ మళ్ళీ చెప్పాలి.

కుమ్మరివీధి

నేను రెడీ. మా పాపని తీసుకొస్తాను, బొమ్మలు గీస్తుంది.

పెన్నేటి_పిల్ల

రండి రండి. ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో దిగి డింకీ రైలు ఎక్కండి, అయిదు నిమిషాల్లో కాంపస్ అంచున దింపేస్తుంది, పిల్లలకి ఆ బుల్లి రైలే సగం సరదా. అక్కణ్ణుంచి పావుగంట నడక, నేను స్టేషన్ దగ్గరికే వస్తాను, పదకొండింటికి. పెద్ద బ్యాక్‌ప్యాక్‌లు తేవద్దు. పాపకి పెన్సిల్ ఇవ్వండి, పెన్నులూ స్కెచ్‌పెన్నులూ గ్యాలరీలో తీయనివ్వరు. పులిహోర ఎవరైనా తెస్తే బయట గడ్డి మీద కూర్చుని తినొచ్చు, కాంపస్ నిండా చెట్లే.

ఎడిసన్_బాబాయ్

పులిహోర మీ పిన్ని చేస్తానంటోంది. ఎంతమందికి చేయాలో శుక్రవారం మధ్యాహ్నంలోపు ఇక్కడ రాయండి.